ఊపిరి పాడుచేసిన లెక్కలు

మొక్కల పరిశోధనశాలలో మా పెద్దమ్మను అందరూ రేడియో అంటారు. గాజుషెడ్డులో కుండీలకు నీళ్లు పోయడం ఆవిడ పని. నోరు మూతపడదు. మనుషులు దొరక్కపోతే ఆకులకు కబుర్లు చెబుతుంది.

ఆ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని అక్కడ టమాటా మొక్కల మీద పనిచేసేది. నీరు తగ్గినప్పుడు మొక్కలో ఒక హార్మోను పెరిగి ఆకు రంధ్రాలను మూయిస్తుంది. నీరు మిగులుతుంది కానీ, గాలి లోపలికి రాక కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. ఆ హార్మోనునే పిచికారీ చేస్తే ఆకు ఎన్నాళ్లకు కోలుకుంటుందన్నది ఆ అమ్మాయి ప్రశ్న. ఆకును యంత్రం క్లిప్పులో బిగిస్తే, అది పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ ఎంతో తెర మీద అంకెగా కనిపిస్తుంది. క్లిప్పు కదలకుండా పట్టుకునేది పెద్దమ్మే.

ఆ అంకెలు కోతికొమ్మచ్చి ఆడాయి. "శుక్రవారం సాయంత్రానికి నిలకడైన లెక్కలు చూపించు. లేదంటే వేరే అంశం చూసుకో," అన్నారు ప్రొఫెసర్. రెండేళ్ల శ్రమ. ఆ అమ్మాయి రెండు రోజులు టిఫిన్ డబ్బా తెరవలేదు.

బుధవారం పెద్దమ్మ పన్ను పీకించుకుని నోట్లో దూదితో వచ్చింది. ఆ రోజు అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి. గురువారం దూది పోయింది, మాట వచ్చింది, అంకెలు మళ్లీ గంతులేశాయి.

పెద్దమ్మ టక్కున ఆగింది. యంత్రం గాలి పీల్చుకునే గొట్టం సరిగ్గా తన ముఖం పక్కనే ఉంది. మొహం అవతలికి తిప్పుకుంది. అంకె నిలబడింది. గొట్టం దగ్గర "ఏమే పిల్లా" అంది. ఎగిరింది.

చెబితే షెడ్డులోకి రానివ్వరేమో. ఇరవై రెండేళ్లుగా మొక్కలు పెంచుతున్న చోటు. అయినా చెప్పేసింది.

"నీ మందు మంచిదేనే తల్లీ. పాడుచేసింది నా ఊపిరి. రేపు ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో."

అమ్మాయి గొట్టాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. "నా తల తిన్నది చాలక యంత్రం తల కూడా తిన్నారా ఆంటీ!"

ఇద్దరూ కలిసి గొట్టానికి పొడవాటి రబ్బరు పైపు తగిలించి కిటికీ బయటికి వదిలారు. శుక్రవారం పొద్దున పెద్దమ్మ క్లిప్పు పట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది.

"మాట్లాడండి ఆంటీ. పైపు పనిచేస్తోందో లేదో తెలియాలిగా?"

పన్ను పీకిన డాక్టరు సంగతితో మొదలుపెట్టింది. అంకె చలించలేదు. ముందురోజు మందు కొట్టిన ఆకుల్లో లెక్క సగానికి పడిపోయింది. ఆరు రోజుల కిందట కొట్టినవి దాదాపు కోలుకున్నాయి.

సాయంత్రం ప్రొఫెసర్ కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, "ఇదే కొనసాగించు," అన్నారు. అప్పటికి డాక్టరు కథ ఇంకా సగంలోనే ఉంది.