మూడో అంతస్తు తలుపు

ఆ భవనంలో ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. నాలుగంతస్తులు, యాభై రెండు తలుపులు. ఏ తాళం చెవి ఏ తలుపుదో కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పేవాడు. పొద్దున్నే ఆఫీసులన్నీ తెరవాలి, సాయంత్రం మూయాలి. మెట్ల కింద గదిలో భార్యతో, కాలేజీకెళ్లే కూతురితో కాపురం. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ గది.

మూడో అంతస్తులో పాత ఫైళ్ల గది ఒకటుంది. దాని మడతబందులు అరిగిపోయాయి. తాళం వేసున్నా సరే, పిడి పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి భుజంతో నెడితే తెరుచుకుంటుంది. ఈ సంగతి ఆయన పదకొండేళ్ల కిందటే కనిపెట్టి ఎవరికీ చెప్పలేదు. చెబితే వడ్రంగి వస్తాడు, వడ్రంగి వెనకాలే భవనం మేనేజరు వస్తాడు. కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపులు పెట్టించాలని మేనేజరుకి ఎప్పటినుంచో మోజు. ఓనరుని ఒప్పించే సాకు దొరక్క ఆగాడు. ఆ తలుపులొచ్చాక తాళాలాయనతో ఎవరికేం పని? చెప్పకపోవడం తప్పే, కాదనను. కానీ ఆ మెట్ల కింద మనం లేము కదా.

ఆయన బావమరిది అపరాధ పరిశోధన నవలలు రాస్తాడు. కళ్లారా చూడని చోటు రాయనని అతని పంతం. హంతకుడెవరో చివరిదాకా తనకే తేలకపోయినా, మెట్లెన్నో మాత్రం లెక్కపెట్టి రాస్తాడు. ఓ ఆదివారం టేపూ నోటుబుక్కూ పట్టుకుని అక్కగారింటికి దిగాడు.

తాళాలాయన ఎక్కడలేని హుషారుతో భవనమంతా తిప్పాడు. లిఫ్టు గుంట చూపించాడు, వెనక మెట్లు చూపించాడు, నీళ్ల ట్యాంకు చూపించాడు.

"ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే బావా," అని పెదవి విరిచాడు బావమరిది.

అక్కడ పొడుచుకొచ్చింది పౌరుషం. ఇన్నేళ్లు దాచుకున్న గుట్టు ఒక్క పెదవి విరుపుకి బయటపడింది. చరచరా మూడో అంతస్తుకి తీసుకెళ్లి, తలుపెత్తి, నెట్టి చూపించాడు. బావమరిది కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూశాకగానీ ఈయనకి తెలివి రాలేదు.

"ఒరేయ్, ఇది మాత్రం రాయకురా."

"ఛ! నాకా మాత్రం తెలియదా బావా?"

రాశాడు. ఏడో ప్రకరణంలో, పూసగుచ్చినట్టు. నిలదీస్తే, "భవనం పేరు మార్చాను కదా బావా!" అన్నాడు.

పుస్తకం ఆఫీసుల్లో చేతులు మారింది. మెట్ల లెక్కా, గోడల రంగూ చూసి అందరూ ఇట్టే పోల్చేశారు. తాళాలాయనకి అన్నం సహించలేదు. బాగుచేద్దామంటే మేకులు దిగేచోట చెక్క పుచ్చిపోయింది, సుత్తి చప్పుడుకి నలుగురూ వస్తారు. వదిలేద్దామంటే ఎవరు ఎప్పుడు ఎత్తి చూస్తారోనని భయం. రోజుకి పదిసార్లు ఏదో పనున్నట్టు ఆ తలుపు ముందే తచ్చాడేవాడు. కుడితిలో పడ్డ ఎలుకైంది ఆయన బతుకు.

ఇంతలో మేనేజరుకీ పుస్తకం అందింది. రాసింది తాళాలాయన బావమరిదేనని తెలిసి, అతన్ని టీకి పిలవమని ఈయనకే చెప్పాడు. పిలవకపోతే అనుమానం, పిలిస్తే ముప్పు. పిలిచాడు. టీకి వెళ్లేముందు తాళాలాయన భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"అంతా ఊహించి రాశానని చెప్పరా. మీ బావ ఉద్యోగం నీ నోట్లో ఉంది."

"అలాగే అక్కా, ఒట్టు."

పాపం, మాట నిలబెట్టుకున్నాడు. మేనేజరు అడగ్గానే, "అంతా కల్పనే సార్," అన్నాడు. తాళాలాయనకి ప్రాణం లేచొచ్చింది.

"అదే అనుకున్నా. తాళం వేసిన తలుపు ఎత్తితే తెరుచుకుంటుందా? రండి, సరదాగా చూద్దాం," అని మేనేజరు లేచాడు. పదిమంది వెంట నడిచారు.

"ఏమయ్యా, నువ్వే ఎత్తు."

తాళాలాయన పిడి పట్టుకున్నాడు. పైకి లాగుతున్నట్టు పళ్లు బిగించి, తలుపుని కిందికి నొక్కాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. చెమటలు కారాయి.

అందరూ గొల్లుమన్నారు. "నవల్లో మిగతాదీ ఇంతేనా రచయితగారూ? ఇంట్లో కూర్చుని రాసినట్టున్నారే!" అన్నాడు మేనేజరు.

బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. తాళాలాయన అతనికేసి చూశాడు. వద్దురా అని కళ్లతోనే దండం పెట్టాడు. కానీ అతను అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు.

"మీరు తప్పుకోండి బావా. చూడని చోటు నేను రాయను సార్!"

ఎత్తి, నెట్టాడు. తలుపు బార్లా తెరుచుకుంది.

నవ్వులు ఆగిపోయాయి. మేనేజరు తలుపుకేసి కాసేపు, తాళాలాయనకేసి కాసేపు చూశాడు.

"నీకెన్నాళ్ల నుంచి తెలుసు?"

అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదాయనకి. "పదకొండేళ్లు సార్."

మేనేజరు కోప్పడలేదు. ఇన్నాళ్లకి సాకు దొరికినవాడి మొహంలో కోపం ఎందుకుంటుంది?

"రేపు కార్డు తలుపులవాళ్లు కొలతలకి వస్తారు. ఏ తలుపు ఎలాంటిదో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దగ్గరుండి అన్నీ నువ్వే చూపించు."

"అలాగే సార్," అన్నాడు తాళాలాయన.