జరపని కవర్లు

మా నర్సరీ పుల్లలచెరువు దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంది. మట్టి జల్లించడం, నల్ల కవర్లలో నింపడం, నీళ్లు పోయడం, కలుపు తీయడం. ఏళ్ల తరబడి అదే పని. ఈ నడుము ఎప్పుడో నా మాట వినడం మానేసింది.

ఒక వేసవిలో, మాతో పనిచేసే చెంచు అవ్వ నారేపి కాయలు తెచ్చింది. నారేపి ఏటా కాయదు, కొన్నేళ్లకోసారి కాస్తుంది. కట్టెలకనీ, తాళ్లకు నార కోసమనీ నరికి నరికి, వాళ్ల గూడెం పైన కొండ మీద ఒక్క ముసలి చెట్టును మిగిల్చారు. గాలికి ఎగిరిపోయేలోగా దాని కిందే కూర్చుని ఏరిందట.

"నేనుండంగనే ఆ కొండ మీద మళ్ల నారేపి లేయాల నాయనా" అంది.

విత్తితే అన్నీ మొలిచాయి. కవర్లలో మొక్కల్ని నెలకోసారైనా ఎత్తి పక్కకు జరపాలి. లేదంటే వేరు కవరు అడుగు నుంచి నేలలోకి దిగిపోతుంది. వంగలేక మొదటి నెల వాయిదా వేశాను. తర్వాతి నెల కూడా. బోరులో నీళ్లు తగ్గి మిగతా మొక్కలు వాడిపోతుంటే, నారేపి మాత్రం నిగనిగలాడుతోంది. అంతా నా చేతి చలవేనని మురిసిపోయాను.

అవ్వ నమ్మలేదు. "నువ్వు పోసే నీళ్లకు ఇంత పచ్చగుంటాయా? ఏర్లు కిందికి దిగినాయి. జరుపుదాం పట్టు."

"ఏందవ్వా నీ గోల? బాగున్నదాన్ని కదిలించేదెందుకు?" అని విసుక్కున్నాను. తనొక్కతే జరపబోతే వద్దని కసిరాను కూడా.

వానలు పడ్డాక, మొక్కల్ని కొండకు చేర్చడానికి ట్రాక్టర్ వచ్చింది. మొదటి కవరు ఎత్తబోతే రాలేదు. గట్టిగా లాగితే అడుగున వేరు పుటుక్కున తెగింది. తర్వాతిదీ అంతే. అన్నీ అంతే. తెగినవాటినే తీసుకుపోయి నాటాం. అవ్వ గుంటలు తీసింది. వారం తిరక్కుండా ఆకులన్నీ రాలిపోయాయి.

"మళ్లీ కాసినప్పుడు వేద్దాం అవ్వా" అన్నాను.

"చెట్టు కాస్తది నాయనా. నేనే, అందాక ఉండాల గదా" అంది.

ఈ వేసవిలో కాసింది. అవ్వ మొన్న చలికాలంలోనే పోయింది. కాయలు నేనొక్కణ్ణే ఏరుకొచ్చాను. ఇప్పుడు నెల తప్పకుండా కవర్లు జరుపుతున్నాను. వంగిన ప్రతిసారీ నడుము నొప్పి కంటే సిగ్గే ఎక్కువగా బాధిస్తోంది.