గట్టు మీద చెప్తానన్న జవాబు

మాస్టారు శనివారం పొద్దున పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆదివారం వాళ్ల ఊరి చెరువుగట్టు మీదకి వస్తే నా ప్రశ్నకు జవాబు చెప్తానన్న మనిషి ఒక్కరోజు ఆగలేకపోయారు.

ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు మాకు అంతర్జాతీయ చట్టం చెప్పింది ఆయనే. చెప్పారంటే చెప్పారనుకోవాలి. ఏది అడిగినా "మీరేమనుకుంటున్నారండీ?" అని మా మీదకే తోసేసేవారు. ఒప్పందాల పాఠానికి కిటికీ పక్క బెంచీలనీ ఫ్యాను కింద బెంచీలనీ రెండు దేశాలు చేసి, ఒడంబడిక కుదిరేదాకా ఫ్యాను వేయనివ్వలేదు. చెమటలు కారుతుండగా సంతకాలు పెట్టాం. సిలబస్ ఏ ఏడూ పూర్తవలేదు. ఆ పాఠం మాత్రం చచ్చినా మర్చిపోలేకపోతున్నాను, అదింకో విసుగు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో అదే సబ్జెక్టు నేను చెబుతున్నాను. దేశాల మీద పోలీసు లేనప్పుడు అది చట్టమెలా అవుతుందని ఏటా ఎవరో ఒకరు లేస్తారు. ఈసారి ఒకమ్మాయి లేచింది. దేశాలు చాలాకాలంగా ఒక పద్ధతి పాటిస్తూ, పాటించి తీరాలని నమ్మితే ఆ ఆచారమే చట్టమవుతుందని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. అలా ఎవరైనా నిజంగా నమ్ముతారా అండీ అంది. క్లాసంతా నవ్వింది. సోమవారం చెప్తానని తప్పించుకుని మాస్టారికి ఫోన్ చేశాను.

"ఫోన్లో చెప్పేది కాదండీ. ఆదివారం గట్టు మీదకి రండి," అన్నారు.

"ఒక్క ముక్కలో చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"చెప్తే మీరు నమ్మరండీ."

విసిగిపోయి ఫోన్ పెట్టేశాను.

ఆదివారం వెళ్లాను, ఆయన్ని సాగనంపడానికి. పెదపాడు దాటాక చెరువుల మధ్య గట్టు మీదుగానే సమాధుల తోటకి దారి. గట్టుకి అవతలి ఊరికీ మాస్టారి ఊరికీ మురుగుకాలవ దగ్గర తగాదా. కోర్టులో దావా నడుస్తోంది, మాటల్లేవు. మాస్టారి పెట్టె మోసుకుని పాటలు పాడుతూ వెళ్తుంటే, ఐసు వేసి నింపిన అవతలి ఊరి చేపల లారీ ఒకటి గట్టు మలుపులో పక్కకి తీసి ఆపి ఉంది. వల లాగుతున్న ఆ ఊరివాళ్లు లాగడం ఆపి, తలగుడ్డలు తీసి నీళ్లలోనే నిలబడ్డారు. పొద్దెక్కింది, ఎండ చుర్రుమంటోంది.

వాళ్లకి ఎవరైనా కబురు పెట్టారా అని మాస్టారి అమ్మాయినడిగాను.

"ఎవరు పెడతారక్కా? మట్టి వేసేదాకా ఈ గట్టు మీద ఏ బండీ కదలదు."

"కదిలితే?"

నేనెందుకు అడిగానో ఆమెకి అర్థం కాలేదు.

"ఎందుకు కదుల్తాయక్కా?" అంది.

అప్పుడొచ్చింది ఏడుపు. ఏం మాస్టారండీ, ఇది చూపించడానికి మీరు పోవాలా? పక్కన నిలబడి మీరే చూపించి, మీరేమనుకుంటున్నారండీ అని నన్ను విసిగించి ఉండకూడదా?

రేపు క్లాసులో ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలిసింది. సరిగ్గా చెప్పానో లేదో అడగడానికే ఇక ఎవరూ లేరు. ప్రార్థన అయి మట్టి వేసేదాకా లారీ అక్కడే ఉంది. కింద నుంచి ఐసు కరిగిన నీళ్లు గట్టు మట్టిలోకి కారుతూనే ఉన్నాయి.