మోటర్ ఆగినప్పుడు

నైట్ షిఫ్టు దిగి, నిద్ర పోకుండనే బొగ్గుబాయి దోస్తులం నలుగురం రాజన్న కొన్న మోటర్ పడవల గోదావరి మీదికి పోయినం. సల్లగాలికి రాజన్న తప్ప అందరం నిద్రల ఒరిగినం. నది నడుమ జెరసేపు సప్పుడు లేకుంట ఉందామని ఆయన మోటర్ బంద్ చేసిండు.

బాయిల మాకు గాలి కొట్టే ఫ్యాన్ సప్పుడు ఆగితే పని ఇడిసి బయటికి నడవాలె. సమ్మయ్య బావ నిద్రలనే లేసి, "ఫ్యాన్ ఆగింది, నడువుండ్రి!" అని ఒర్రుకుంట నీళ్లల్లకు అడుగేసిండు. లైఫ్ జాకెట్ ఉండబట్టి తేలిండు. పైకి గుంజినం.

"నవ్వకుండ్రిరా" అన్నడు వణుక్కుంట.

ఎవ్వరం నవ్వలే. ఆయన నీళ్లల్ల పడేటప్పటికే నేను సుత లేసి నిలబడి, నెత్తి మీద టోపీ లైటు కోసం తడుముకుంటున్న.

ఇంట్ల కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఇప్పటికీ దిగ్గున లేస్త.

"పండుకో, ఇది ఇల్లే" అంటది మా ఆమె.