కుర్చీ మీద చెయ్యి

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక చిన్న ఇంగ్లీషు నాటక బృందానికి నేను ప్రాంప్టర్‌ని. పగలు ఆఫీసులో కోడ్ రాయడం, సాయంత్రం ట్రామెక్కి వెళ్లి తెర చాటున నిలబడి నటులకు పాఠం అందించడం. మా నాన్న తెనాలి నాటకాల్లో చేసిన పనే ఇది. "మర్చిపోయాక అందిస్తే ఏం లాభవే, మర్చిపోకముందే అందియ్యాలి" అనేవాడు. నటుడితో పాటు నాన్న పెదాలూ నాటకమంతా ఆడేవి. నాకూ ఆ అలవాటే వచ్చింది.

మా ముసలి ఇంగ్లీషు నటుడికి ఆ అలవాటు గిట్టదు. లండన్‌లో పద్ధతిగా నటన నేర్చుకున్న మనిషి. సగం జీవితం స్టేజీ మీద రాజుగా బతికి, తర్వాత సినిమాల్లో జడ్జి వేషాలూ మిలటరీ వేషాలూ వేసి, జర్మన్ భార్యతో ఇక్కడ స్థిరపడ్డారు. మౌనం కూడా తన డైలాగేననీ, దాన్ని లాక్కోవద్దనీ మొదటిరోజే చెప్పారు. మాట మర్చిపోయి తను స్టేజీ మీది కుర్చీపై చెయ్యి వేస్తే తప్ప నేను నోరు మెదపకూడదు, అదే మా గుర్తు. నా పెదాలు కదులుతుంటే చిరాకట.

ఈమధ్య ఆ చెయ్యి కుర్చీ మీదికి తరచూ వెళ్తోంది. దర్శకురాలు కనిపెట్టింది. ఆహ్వానితుల ముందు వేసే ఆఖరి రిహార్సల్లో ఒక్కసారి తడబడినా పాత్ర ఇంకొకరికి ఇస్తానని మొహం మీదే చెప్పేసింది. ఈ వయసులో ఆయనకు మళ్లీ పాత్ర ఇచ్చేదెవరు? నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ భయమూ అబద్ధం కాదు.

ఆ సాయంత్రం సగం నాటకం నల్లేరు మీద బండిలా సాగింది. ఇల్లు విడిచి వెళ్తున్న కూతురికి వీడ్కోలు చెప్పే చోట ఆయన ఆగారు. అక్కడ విరామం ఉన్నదే. అది దాటిపోయింది. చెయ్యి మాత్రం కుర్చీ మీదికి పోలేదు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పైకి అందిస్తే పాత్ర పోతుంది, అందించకపోతే పరువు పోతుంది. శబ్దం బయటికి రానివ్వలేదు గాని, పెదాలు వాటంతటవే ఆడాయి. కూతురు వెళ్లే తలుపు నా వైపే ఉంది. ఆయన మెల్లగా అటు తల తిప్పి, మాట పలికారు. ముందు వరుసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

తెర పడ్డాక దర్శకురాలు ఆయన్ని కావలించుకుంది. అలాంటి మౌనం తను ఎప్పుడూ చూడలేదనీ, రేపు కూడా అంతసేపే ఆగమనీ చెప్పింది. అలాగేనని నవ్వారు.

ఆవిడ వెళ్లాక నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి.

"మనిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం కదా," అన్నారు నెమ్మదిగా. "అదేమిటి?"