లమై వేళ్ళకు తెలియని గుంత

బ్యాంకాక్‌కి పడమట బాన్‌పోంగ్ ఊళ్ళో నా నూడుల్స్ కొట్టుకీ లమై షెడ్డుకీ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. ఆ మధ్యాహ్నం తిండికొచ్చిన లమై చేతిలోంచి నూడుల్స్ తినే పుల్లలు జారి గిన్నెలో పడ్డాయి. తీసి పట్టుకుంటే మళ్ళీ జారాయి. ఇక చెంచా అడిగి, చంటిపిల్లలా పిడికిట్లో పట్టుకుని తింది. నేను చూడనట్టు పొయ్యివైపు తిరిగాను.

చిన్న డీజిల్ బండ్ల ఇంజిన్‌కి మూతలా బిగించే హెడ్డులో గాలి లోపలికెళ్ళే దారుల్నీ, పొగ బయటికొచ్చే దారుల్నీ అరగదీసి సాపుచెయ్యడం లమై పని. టర్బో పంకా తోసే గాలికి ఎక్కడా గడపలాంటి ఎత్తు తగలకూడదు. హెడ్డు మొహానికి నీలం రంగు పూసి, గాస్కెట్ అనే పల్చటి రేకు ఆనించి, దాని రంధ్రం చుట్టూ సూదితో గీత గీస్తుంది. ఆ గీత దాకా గ్రైండర్‌తో లోహం తీస్తుంది. గీత దగ్గర కళ్ళు చాలు. దారి లోపల మలుపు తిరిగాక చూపు అందదు. అక్కడ వేలే చూడాలి. పడుచుతనంలో ఓ ఇంజిన్ షెడ్డులో నేల ఊడవడానికి చేరిన మనిషికి, మేస్త్రీ వేళ్ళు దూరని చోట తన వేళ్ళు దూరబట్టే ఈ పని అబ్బింది.

అన్నేళ్ళ గ్రైండర్ అదురు ఆ వేళ్ళనే తినేసింది. చలిపొద్దుల్లో కొసలు సున్నం పూసినట్టు తెల్లబడేవి. ఆ సంగతి చెల్లెలు సమోన్‌కి కూడా చెప్పలేదు.

కంరోన్ బండి హెడ్డు బల్లమీదున్న రోజులవి. లేత కొబ్బరిబోండాలు బ్యాంకాక్‌కి తోలే కుర్రాడు. ఆదివారాలు అదే బండితో పందేలకెళ్తాడు. రేకు గోడ అవతల గ్రైండర్ మోత ఉన్నట్టుండి ఆగింది. కాసేపటికి లమై వచ్చింది.

"పిన్నీ, చెయ్యి కడుక్కుని ఒక్కసారి రావా."

వెళ్ళాను.

"ఇందులో వేలు పెట్టు. మలుపు దాటాక కింద ఏమైనా తగుల్తుందేమో చూడు."

పెట్టాను. నున్నగా జారుతున్న వేలు ఒకచోట దిగబడింది.

"గుంతుందే లమై. చింతగింజ పట్టేంత."

ఆమె గ్రైండర్ బల్లమీద పెట్టింది. "నాకు తెలీలేదు పిన్నీ. మోత మారితే ఆపాను. వేలు పెట్టి చూస్తే అంతా సాపుగానే ఉన్నట్టుంది. ఆ దారి గోడ అవతలే ఇంజిన్‌ని చల్లార్చే నీళ్ళు తిరుగుతాయి."

"తూటు పడిందా?"

"ఏమో. పడకపోయినా, టర్బో వేడికి రేపో ఎల్లుండో చిట్లుతుంది. నీళ్ళు ఇంజిన్‌లోకి పోతే వాడి బతుకు తెరువే పోతుంది."

బస్టాండు వెనక మరమ్మతు షెడ్డులో హెడ్లకి గాలి పట్టించి నీళ్ళ తొట్టిలో ముంచి చూస్తారు. నేనూ తోడెళ్ళాను. హెడ్డు మునిగాక మొదట ఏమీ లేదు. లమై నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో ఒక బుడగ. దాని వెనక ఇంకోటి. సన్న దారంలా ఆగకుండా పైకొచ్చాయి.

తిరిగొస్తూ దారిలో, "వెల్డింగు పెట్టించి ఊరుకుంటే వాడికి తెలీదు కదా పిన్నీ," అంది. నాలుగడుగులు వేశాక, "ఆ వేడికి హెడ్డు వంగుద్దిలే," అని తనే అనుకుంది.

సాయంత్రం కంరోన్ వచ్చాడు. లమై తన వేళ్ళ సంగతితో సహా చెప్పిందంతా విని చెప్పు తీసి నేలకేసి కొట్టాడు.

"వేళ్ళు చచ్చాయని ముందే చెప్పి చావొచ్చుగా అక్కా! ఊళ్ళో ఇంకెవడికైనా ఇచ్చుకునేవాణ్ణి. లమై అక్క లమై అక్క అని నెత్తిన పెట్టుకున్నందుకు!"

"తప్పు నాదే తమ్ముడూ. ఇంకో హెడ్డు నేనే తెస్తాను."

"తెచ్చి? ఎవరి వేలు పెట్టి చేస్తావ్?"

వాడు వెళ్ళాక లమై చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తూ కూచుంది. వాడి ప్రశ్నకి జవాబు సమోన్ ఇచ్చింది. రవికలు కుట్టే మనిషి, గుడ్డ నలిపి నేత చెప్పగలదు. సంగతి నా నోట విని పరుగున వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే? నేను పరాయిదాన్నా?" అని ముందు ఏడ్చింది. తర్వాత, "నా వేలు పెట్టుకో. నువ్వు చెప్పు, నేను తడుముతా," అంది.

పాత ఇంజిన్ల దుకాణంలో హెడ్డు దొరికింది. ఈసారి లమై ప్రాణం ఉగ్గబట్టుకుని చేసింది. కాస్త అరగదీయడం, ఆపడం, సమోన్ వేలు.

"ఇక్కడ కొంచెం ఎత్తుందక్కా."

"ఎంత?"

"రవిక అంచు మడతంత."

"నా మొహం! సరిగా చెప్పవే!"

"నాకు తెలిసింది అదే మరి!"

ఆ గొడవ వింటూ నా కొట్టులో జనం నవ్వేవారు. గోడ అవతల లమై మాత్రం నవ్వలేదు. తొట్టిలో ముంచితే ఒక్క బుడగా రాలేదు. అయినా నమ్మకం కుదరక మళ్ళీ ముంచమంది.

ఆదివారం పందెం దగ్గర ఆమె రోడ్డు వైపు తిరగలేదు. నా భుజం వెనక నిలబడి, "పొగ ఏ రంగు పిన్నీ? తెల్లగా ఉందా?" అని ఒకటే అడగడం. ఇంజిన్‌లోకి నీళ్ళు దిగితే పొగ తెల్లబడుతుందట.

"నల్లగానే ఉందిలే తల్లీ, మసిలా!"

కంరోన్ మొదటి పందెం గెలిచాడు, రెండోది ఓడాడు. బండి చల్లారాక రేడియేటర్ మూత తిప్పి, "రా అక్కా, నువ్వే చూసుకో," అన్నాడు. నీళ్ళు నిండుగా, తేటగా ఉన్నాయి. లమై వంగి చూసి, అక్కడే బండికానుకుని కూచుంది. వాడు ఐసు నీళ్ళ గ్లాసు తెచ్చాడు. ఆ చల్లదనానికి ఆమె వేళ్ళు తెల్లబడతాయని గుర్తొచ్చి, తనే పట్టుకుని తాగించాడు.

పోయిన స్పర్శ తిరిగిరాకపోవచ్చని, గ్రైండర్ వదలకపోతే ఉన్నదీ పోతుందని ఆసుపత్రిలో చెప్పారు. ఇప్పుడు గీతలు గీయడం, తొట్టి దగ్గర నిలబడి చూడడం వరకే లమై పని. గ్రైండర్ సమోన్ పడుతోంది, చేతులకి మందపాటి తొడుగులతో. గంటకోసారి ఆ తొడుగులు విప్పించి, చెల్లెలి వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ నొక్కుతుంది లమై. "తెలుస్తోందా? ఇక్కడ? ఇక్కడ?"

"తెలుస్తోందే తల్లీ, వదులు!" అని సమోన్ కసురుకుంటుంది.