మాస్టారి అరచేయి

మా మాస్టారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున ఫస్టియర్ పిల్లలకు సర్వే పాఠం చెబుతూ, సుద్దముక్క చేతిలో ఉండగానే కుర్చీలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. నేను పనిచేసే ఒంగోలు కాలేజీకి ఫోను చేసిన మాస్టారి కాలేజీ గుమాస్తా ఆయన పేరు కూడా చెప్పలేదు. "మీ డబ్బా మాస్టారు పోయారండీ" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఆ పేరు ఆయనకు రావడానికి కారణం నేనే. ఈ సంగతి నిన్నటిదాకా నాకొక్కడికే తెలుసు.

ఇది చదువుతున్నవారిలో ఆయన శిష్యులు చాలామంది ఉంటారు. ఆయన దగ్గర సర్వే నేర్చుకోకుండా డిగ్రీ పుచ్చుకున్నవాళ్ళు మాత్రం ఉండరు. అయితే ఆయన ఏం కనిపెట్టారో మీలో ఎక్కువమందికి తెలియదు. ఆ పని మీరు కాలేజీలో చేరేనాటికే మూలపడింది. అందుకని మొదటినుంచీ చెబుతాను.

ఆయన పని సబ్‌మెరైన్ల మీద. మిరపకాయలు ఆరబోసుకునే ఊళ్ళో, వేసవిలో మంచినీళ్ళకే బిందెల వరుస కట్టే జిల్లాలో, ఆయన సముద్రం అడుగున తిరిగే పడవ గురించి పదహారేళ్ళు లెక్కలు వేశారు. సబ్‌మెరైన్‌ను కళ్ళతో చూడలేదు. చూడకుండా ఎలా చేస్తారండీ అని ఒకసారి అడిగాను. "మీ ఊరి పూజారి దేవుణ్ణి చూశాడా? రోజూ పని జరగట్లా?" అన్నారు. ఆయన తండ్రి పొగాకు ఆరబెట్టే బారెన్ల దగ్గర కూలి. ఆయన చర్చి బడిలో చదివి, పస్తులతో ఇంజనీరింగు పూర్తిచేసి ప్రొఫెసరు అయ్యారు. స్టాఫ్ రూములో దీన్ని కొందరు మెచ్చుకోలుగా చెప్పేవారు, మరికొందరు మెచ్చుకోలు లాగా వినిపించేట్టు చెప్పేవారు. ఆయనకు ఆ తేడా బాగా తెలుసు.

సబ్‌మెరైన్ అంటే గొట్టం లాంటిది. బయటినుంచి నీళ్ళు నొక్కుతాయి. నలిగిపోకుండా లోపల ఉక్కు రింగులు బిగిస్తారు. ఆ రింగుల్ని సమాన దూరంలో పెట్టడం అందరూ చేసే పద్ధతి. ఎక్కడ ముందు నలుగుతుందో లెక్కకట్టి, అక్కడ దగ్గరగానూ మిగతాచోట దూరంగానూ పెడితే పడవ బరువు తగ్గుతుంది, ఇంకా లోతుకు దిగుతుంది అన్నది మాస్టారి ఆలోచన. వినడానికి ఇంతే. ఆ దూరాలు తేల్చే సూత్రం కోసం ఆయన జుట్టు నెరిసింది.

కాలేజీలో పరీక్షించే యంత్రం లేదు. పెదకాకాని వెళ్ళే దారిలో ఒక పత్తి మిల్లు ఉండేది. పత్తిని బేళ్ళుగా నొక్కే ప్రెస్సుకు నీటి పంపు ఉంటుంది. ఎంత ఒత్తిడి కావాలంటే అంత ఇస్తుంది. సీజను అయిపోయాక ఆ పంపు ఖాళీ. మాస్టారు మిల్లు యజమానిని బతిమాలి, మందపాటి ఇనప తొట్టి ఒకటి చేయించి, పంపు గొట్టం దానికి తగిలించారు. సన్నటి ఉక్కు రేకుతో రెండు మూరల పొడవు పీపా చేసి, లోపల రింగులు బిగించి, రెండువైపులా మూసి తొట్టిలో దించేవాళ్ళం. నీళ్ళు నింపి, మూత బిగించి, పంపు తిప్పేవాళ్ళం. గేజి ముల్లు ఎక్కుతూ పోయేది. ఎక్కడో ఒకచోట లోపల ధన్‌మని చప్పుడు. పీపా నలిగిందన్నమాట. నేను అప్పుడు టెంపరరీ లెక్చరర్ని, ఆయన దగ్గరే డాక్టరేట్‌కి చేరాను. పంపు దగ్గర గొట్టాలు బిగించడం, గేజి చూసి రాసుకోవడం నా పని.

మొదట్లో ఒక పీపా నలగకముందే, గేజి బాగా ఎక్కిందన్న సంబరంలో నేను పంపు ఆపేశాను. మాస్టారు అందరి ముందూ కాగితాలు నా మొహాన కొట్టారు. "నలిగేదాకా నొక్కరా! నలగని డబ్బా నీకేం నేర్పుద్ది?" ఆ ధోరణి పీపాల దగ్గరే ఆగేది కాదు. మనుషుల్నీ అలాగే నొక్కేవారు. నా మొదటి అధ్యాయం చదివి, "చేతిరాత బాగుంది" అని వెనక్కిచ్చారు. నేను సైకిలు స్టాండులో ఏడ్చాను. ఈ రోజు నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ నొక్కుడులో అబ్బినవే.

ఆయనకొక అలవాటుండేది. పీపాను తొట్టిలో దించేముందు కళ్ళు మూసుకుని, అరచేత్తో దాన్ని ఒక కొసనుంచి మరో కొసదాకా తడిమేవారు. అంగుళం వదిలేవారు కాదు. రేకు మీద ఎక్కడైనా గోరంత సొట్ట ఉంటే చాలు, పీపా సగం బలం పోతుంది. ఆ సొట్ట దగ్గర మొదలై మొత్తం లోపలికి కూలుతుంది. ఇది ఆయన మాకు మొదటిరోజే చెప్పిన పాఠం. కంటికి కనపడని సొట్ట అరచేతికి తెలుస్తుందనేవారు. ఆ చెయ్యి వద్దన్న పీపాలు మిల్లు వెనక కుప్పగా పడి ఉండేవి.

పదేళ్ళ పని తర్వాత కమిటీ వచ్చింది. పడవలు కట్టించే పెద్దలు ముగ్గురు. పరీక్ష గట్టెక్కితే ఆయన సూత్రం అసలు పడవకు ఎక్కుతుంది, కాలేజీకి లేబరేటరీ వస్తుంది, నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. మాస్టారు వాళ్ళను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్ళారు. వెళ్ళేముందు నాతో అన్నారు, "పీపా దగ్గరే కూచో. ఎవ్వణ్ణీ ముట్టనీకు."

మిల్లు మేస్త్రీ పసుపు కుంకుమ, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టుకొచ్చాడు. ఆ మిల్లులో కాయ కొట్టకుండా ఏ పనీ మొదలవదు. ఏటా సీజను మొదట్లో ప్రెస్సు మీదే కొడతారు. ప్రెస్సు దుక్క ఇనుము, వంద కాయలు కొట్టినా దానికేమీ కాదు.

"మీ సారు కిరస్తానీ గదా, ఆయన కొట్టడు. మీ చేత్తో కొట్టండి సారూ. దీనిమీదనేగదా మీ ఉజ్జోగం ఉంది" అన్నాడు మేస్త్రీ.

"నేల మీద కొడతాలే" అన్నాను.

"నేల మీద కొడితే నేలకి మంచిది" అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పీపా చివరనున్న అంచు చక్రం మందంగా ఉంటుంది, దానిమీద కొడితే ఏమవుతుందిలే అనుకున్నాను. మొదటి దెబ్బకు కాయ పగల్లేదు. పగలకపోతే అశుభమని నాకు లోపల భయం పట్టింది. రెండోది గట్టిగా వేశాను. కాయ పగిలింది, చెయ్యి జారింది, చేతిలోని చెక్క అదే ఊపులో పోయి రేకుకు తగిలింది.

తుడిచి చూశాను. కంటికేమీ కనపడలేదు. వేలు పెట్టి చూస్తే ఉంది. చింతగింజంత వెడల్పున, లోతు లేని పల్లం.

నేనేం చేశానో ఇప్పుడు రాయాలి. పళ్ళెంలోంచి తడి పసుపు తీసి సరిగ్గా ఆ పల్లం మీద మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాను. మేస్త్రీ వెనకే నిలబడి, "ఆఁ, అట్టా నిండుగా పెట్టండి" అన్నాడు. వాడికేమీ తెలియదు.

మాస్టారు కమిటీతో వచ్చారు. ముగ్గురూ మిరప ఘాటుకు జేబురుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఆయన బొట్టు చూసి, "పెళ్ళికూతుర్ని చేశారేంట్రా దీన్ని!" అని నవ్వారు. కళ్ళు మూసుకుని తడమడం మొదలుపెట్టారు. అరచేయి పసుపు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ, "సారూ, బొట్టు చెరపమాకండి, కీడు" అన్నాడు.

మాస్టారి చెయ్యి ఆగింది. కళ్ళు తెరిచి చుట్టూ చూశారు. ఇరవైమంది పనివాళ్ళు. మాస్టారు వాళ్ళలోనే పుట్టిన మనిషి, కానీ వేరే దేవుడి మనిషి. తమ బొట్టు తుడిచేశాడని వాళ్ళనుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. జీవితంలో ఎవరినీ మొహమాటపడి వదలని మనిషి ఆ ఒక్కరోజు మొహమాటపడ్డారు. నావైపు చూసి, "నువ్వు చూశావుగా?" అన్నారు.

"చూశానండి" అన్నాను.

ఆయన చెయ్యి ఎత్తి, బొట్టు దాటించి, అవతల ఆనించారు.

గేజి అద్దం మీద ఎర్ర పెన్సిలుతో ఆయన గీత గీసి ఉంచారు, ముల్లు అక్కడిదాకా పోవాలి. సగం కూడా పోలేదు. ధన్‌మంది. పైకి తీస్తే నీళ్ళకు పసుపు కుంకుమా కొట్టుకుపోయి ఉన్నాయి, రేకు లోపలికి మడతలు పడి, సొట్ట ఆ మడతల్లో కలిసిపోయింది. అది ఏ మడతో నాకు తెలుసు. కమిటీ పెద్దాయన తెలుగువాడే. పీపాను బూటుకాలితో కదిపి, "ఈ డబ్బాలో కిరసనాయిలు పోసుకోవడానికి కూడా లేకుండా చేశారు కదండీ ప్రొఫెసర్‌గారూ" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. తర్వాత యజమాని పెట్టించిన గోంగూర, వేటమాంసంతో భోజనం చేశారు. కడుపునిండా తిన్నారు. మాస్టారే దగ్గరుండి వడ్డించారు. నేను మంచినీళ్ళు పోశాను.

నెల తిరక్కుండా కాలేజీ అంతటా ఆయన డబ్బా మాస్టారయ్యారు. పరిశోధన ఆపేశారు. తొట్టిని హాస్టల్లో నీళ్ళు నిలవ చేసుకోవడానికి పట్టుకుపోయారు. ఆయనకు ఫస్టియర్ సర్వే పాఠాలిచ్చారు. పిల్లలు బల్లల కింద రేకు డబ్బాలు మోగించేవారు. ఆయన తిట్టడం మానేశారు. నేను అన్నిటికంటే దానికే ఎక్కువగా ఏడ్చాను.

కానీ లెక్క మానలేదు. ఆయన పీపాను అనుమానించలేదు, మేస్త్రీని అనుమానించలేదు, నన్నసలే అనుమానించలేదు. తన సూత్రాన్ని అనుమానించారు. ఆరేళ్ళు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను కూర్చోబెట్టి కాగితాలు ముందు పడేసేవారు. అప్పటికి నేను ఒంగోలులో చేరాను. పర్మనెంటు ఉద్యోగం. ఆయన రాసిన సిఫారసు ఉత్తరంతోనే వచ్చింది. బస్సెక్కి వచ్చేవాణ్ణి.

"ఎక్కడ తప్పానో చూడవయ్యా."

"అంతా సరిగ్గానే ఉందండి."

"సరిగ్గా ఉంటే ఎందుకు నలిగిందయ్యా?"

ఆ ప్రశ్నకు జవాబు నా నాలుక చివర ఉండేది. మాస్టారి భార్య, అమ్మగారు, కాఫీ తెచ్చేవారు, తాగేవాణ్ణి, బస్సెక్కి వెళ్ళిపోయేవాణ్ణి. చెబుదామని మూడుసార్లు గట్టిగా అనుకుని వచ్చాను. మూడోసారి గుమ్మంలోనే ఎదురొచ్చారు, చంటిపిల్లాడి మొహం వేసుకుని. "దొరికిందయ్యా తప్పు!" అన్నారు. చూపించారు. అది తప్పు కాదు. కళ్ళు అలిసిన మనిషి ఒప్పును తప్పని తనను తాను నమ్మించుకున్నారు. నేను చాలాసేపు ఆ కాగితం చూసి, "అవునండి, ఇదే" అన్నాను. తన పదేళ్ళ పని తప్పని ఆయన ఒక పత్రికకు వ్యాసం రాసి పంపించారు. అచ్చయింది. చివర్లో, తప్పు పట్టుకోవడంలో ఓపికగా తోడున్న శిష్యుడికి కృతజ్ఞతలని నా పేరు వేశారు.

నిన్న సమాధుల తోటలో పాస్టరుగారు వాక్యం చదివారు. సత్యవంతుడన్నారు, వినయవంతుడన్నారు, తన తప్పు తానే ఒప్పుకున్న పండితుడన్నారు. నేను పిడికెడు మట్టి వేశాను.

ఇంటికొచ్చాక అమ్మగారు కాగితాల పెట్టె నా ముందు పెట్టారు. "పట్టుకెళ్ళు బాబూ. ఈ లెక్కలు తెలిసినోడివి నువ్వొక్కడివే." అప్పుడు చెప్పాను. కాయ, సొట్ట, పసుపు, చూశానండి అన్న మాట, అంతా. ఆమె ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆరేళ్ళు ఆదివారం ఆదివారం నా చేతి కాఫీ తాగావు గదరా" అన్నారు. అంతవరకూ నన్నెప్పుడూ ఏరా అనలేదు.

"క్షమించండి అమ్మగారూ."

"నాకెందుకు చెప్తావు? నేనేమన్నా వ్యాసం రాశానా? రాయి. ఆయన తప్పలేదని రాయి. నీ పేరు పెట్టి రాయి. నలుగురూ చదివేచోట రాయి."

రాస్తున్నాను. మాస్టారి సూత్రంలో తప్పు లేదు. ఆరోజూ లేదు, ఈరోజూ లేదు. డబ్బా నలగడానికి కారణం నా చెయ్యి. ఆయన వ్యాసంలో ఉన్న నా పేరు, దీనికింద ఉన్న పేరు ఒకటే.

నిన్న ఆ మాట విన్నాక పెట్టె తీసుకుని లేచాను. అమ్మగారు నన్ను ఆపి పెరట్లోకి నడిచారు. ఆనాడు మాస్టారు మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకున్న ఆ పీపా అక్కడే ఉంది. అడ్డంగా పడేసి, పైకున్న లోతైన మడతలో నీళ్ళు పోసి కోళ్ళకు పెడుతున్నారు. ఆమె నీళ్ళు ఒంపేసి, కొంగుతో తుడిచి, నేలమీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. అరచెయ్యి రేకు మీద ఆనించి, అచ్చం ఆయనలాగే ఈ కొసనుంచి మెల్లగా తడుముకుంటూ పోయారు.

"ఏదిరా? ఎక్కడ?" అన్నారు.

వంగి ఆమె వేలు పట్టుకుని మూడో మడత లోపల పెట్టాను. ఆమె కళ్ళు తెరవలేదు. వేలు అక్కడినుంచి తియ్యలేదు. దాహంతో వచ్చిన కోళ్ళు చుట్టూ చేరి, కాసేపు తిరిగి, వెళ్ళిపోయాయి.